తడిసిన మందు

కళింగపట్నంలో, వంశధార ఉప్పులో కలిసేచోట
సర్వే గొలుసు పరిచి
మొన్న ఒక సమాధిని కొలిచాను.
పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు నాలుగు.
పోరంబోకు.
రాతి మీద అక్షరాల్ని సగం ఇసుకగాలి తినేసింది.
మిగిలినవి: కారుథర్స్. కెప్టెన్. వాలంటీర్ ఫిరంగి దళం.
ఊరికి ఆ పేరు నోరు తిరగలేదు.
చేతిలో కర్ర ఎలాగూ ఉంది గనక
కర్రదొర.

డండీ నుంచి ఓడలో దిగినవాడు
మన పెరటి గోగు చూసి ఆగిపోయాడట.
ఆకు మనం పులుసు పెట్టుకున్నాం,
కాడ ఆయన పట్టుకున్నాడు.
గెడ్డల్లో కుళ్లబెట్టించి, పీచు తీయించి
ఆవిరి ప్రెస్సులో అదిమి, బేళ్లు కట్టి
సముద్రం మీదికి తోలాడు.
నరసన్నపేట బళ్లు, పాలకొండ బళ్లు
రాత్రంతా లాంతర్ల బారు.
గెడ్డలన్నీ కంపు. ఆడవాళ్ల వేళ్లు
నీళ్లలో నాని నాని గీతలు చెరిగిపోయాయి.
కూలి అణాన్నర. శనివారం దీపాలవేళకి చెల్లు,
ఒక్క వారం తప్పలేదు.
అదీ రాయాలి.

ఆదివారం మాత్రం ఇంకో మనిషి.
నీలం కోటు, ఎర్ర అంచు, ఇత్తడి గుండీలు.
ప్రెస్సు గుమస్తాలు, ఉప్పు ఇనస్పెక్టరు, రేవు పైలటు,
అందర్నీ కూడితే పదకొండుమంది. అదే దళం.
రెండు ఫిరంగులు.
రస్సావాడు సముద్రం మీంచి వస్తాడన్నారు.
వేటపడవలొచ్చాయి, ఎప్పట్లాగే, చేపలతో.
నీళ్లలో పీపా తేలేసి గురిపెట్టేవారు.
పీపాకి ఏనాడూ తగల్లేదు.
ఒకసారి ఒడ్డున తాటిచెట్టు తల ఎగిరిపోతే
చెట్టుగలవాడికి రూపాయిన్నర ఇచ్చి
వేలిముద్రతో రసీదు పుచ్చుకున్నాడు కర్రదొర.

ఫిరంగి నోరు కడిగేవాడు సూరాడ గురువులు.
పొడుగుకర్రకి చుట్టిన తడిగుడ్డ
గొట్టంలోకి దూర్చి తిప్పడం, తీయడం, పిండడం.
ఎడమచెవి అప్పటికే పోయింది.
పదకొండుమంది జాబితాలో
అతని పేరు లేదు.

ఆ తర్వాత రెండేళ్లు వాన లేదు.
గోగు మోకాలెత్తుకి లేవకుండానే ఎండింది.
రేవు గోదాములో మాత్రం బియ్యం బస్తాలు
ఓడ కోసం కాసుకుని ఉన్నాయి.
జనం వచ్చారు.
కేకల్లేవు, రాళ్లు లేవు.
చేటలు, ముంతలు, చంకల్లో పిల్లలు.
కర్రదొర కోటు తొడిగాడు.
ఆ రోజు మంగళవారం.

ఫిరంగిని గుమ్మం ముందుకి లాగించి
మందు కూరమన్నాడు.
గురువులు ఎప్పట్లాగే గొట్టం కడిగాడు.
నిప్పంటించారు.
బుస్సుమంది, తేగల కుండ మూత తీసినట్టు.
నోటినుంచి చుక్క, ఇంకో చుక్క
ఇసుకలో పడ్డాయి.
ఎవరో చంకలో పిల్ల కిసుక్కున నవ్వింది.

కర్ర మీద వాలి
ఆ చుక్కల్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడట.
రెండోసారి కూరమనలేదు.
తలుపు ఆయనే తీయించాడని కొందరు,
జనమే తోశారని కొందరు.
ఆయన చిట్టాలో ఒకే ముక్క:
మందు నెమ్మెక్కినది.

మూడేళ్లకి జ్వరంతో పోయాడు.
పదకొండుమందీ గాలిలోకి మూడుసార్లు పేల్చారు.
మూడూ పేలాయి.
ప్రెస్సు పాత ఇనుపవాడికి పోయింది.
ఒక ఫిరంగికి ఇప్పుడు పడవలు కడతారు,
రెండోది ఎక్కడుందో నా పటంలో లేదు.

గొలుసు రెండోకొస పట్టుకున్నది సూరాడ నూకాలు,
గురువులుకి మునిమనవరాలి కూతురు.
అడిగాను: కావాలనే తడిపాడా మీ తాత?
"ఏటో బాబూ. నీలెక్కువ ముంచినాడో,
గుడ్డ పిండనేదో.
అడిగితే సెవుడున్న సెవి ఇటు తిప్పీవోడట."

రిమార్కుల గడిలో ఏమీ రాయలేదు నేను.
సమాధి పగుల్లో గోగుమొక్క ఒకటి మొలిచింది.
నూకాలు నాలుగాకులు తుంచి కొంగున వేసుకుని
ఐదోది నాకిచ్చింది.
పులుపు.